ఊరికే నడవడానికి ఒక గట్టు ముక్క

నాకు పెళ్ళయిన మొదటి వేసవిలో మామగారు నన్ను వెంటబెట్టుకుని ఊరికే నడవడానికి బయలుదేరారు.

రాజమండ్రిలో ఆయనకు ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. వీధి చివరున్న కొట్టుకి కూడా రిక్షాలో వెళ్ళే మనిషి. బిందె బేరమాడడానికి వచ్చిన కాలేజీ మేష్టారొకరు ఆయనతో మాటల మధ్య ఒక సంగతి చెప్పారట. పై దేశాల్లో కొండల మీదుగా వందల మైళ్ళ కాలిబాటలు ఉంటాయనీ, వేసవి రాగానే జనం అందులో నచ్చిన ముక్క ఎంచుకుని, ఏ పనీ లేకుండా నడిచి వస్తారనీ. మేష్టారు బిందె కొనకుండానే వెళ్ళిపోయారు గానీ ఆ సంగతి మాత్రం మామగారి బుర్రలో కూర్చుండిపోయింది.

నేను సెలవు పెట్టి అత్తవారింటికి వచ్చేసరికి ఆయన బాట కూడా నిర్ణయించేశారు. విజ్జేశ్వరం నుంచి నరసాపురం దాకా గోదావరి పక్కనే ఏటిగట్టు ఉంది. కొండలెక్కే పని లేదు, ఎడంపక్క ఎప్పుడూ నీళ్ళే. మొత్తం నడవడం మన వల్ల కాదు కాబట్టి అందులో ఏ ముక్క నడవాలన్నదే తేలవలసిన విషయం. మీరూ రావాలి అన్నారు. కొత్త అల్లుణ్ణి, కాదనలేకపోయాను.

నీడ, గాలి చూసుకుని ముక్కను ఎంచుకోవాలని ఆయన ఉద్దేశం. అత్తగారు వడ్డిస్తూ వడ్డిస్తూ ఆ లెక్కంతా మార్చేశారు.

"కొత్త అల్లుణ్ణి ఎండలో నడిపించుకెళ్తుంటే, బస్సు చార్జీలకి కూడా లేదనుకోరాండీ?" అన్నారావిడ.

దాంతో, చుట్టాలెవరూ లేని ముక్క కావాలన్న మాట ఖాయమైంది. విజ్జేశ్వరం దగ్గర చెట్లు బాగుంటాయి గానీ, అత్తగారి పెదతల్లి ఇల్లు సరిగ్గా గట్టు కిందే ఉంది. గట్టు మీద పిల్లి నడిచినా ఆవిడకు తెలుస్తుంది. ఆ దిగువ ముక్కలో, నాకు మొదట పిల్లనిస్తామని వచ్చి కుదరక వెళ్ళిపోయిన వాళ్ళున్నారు. వాళ్ళ కంట్లో ఇలా పడడం కంటే గోదాట్లో పడడం మేలని మా ఆవిడ తేల్చేసింది. నరసాపురం అత్తగారి పుట్టిల్లు, దాని పేరు ఎత్తడానికే వీల్లేదు. ప్రతి ముక్కకీ నా అభిప్రాయం అడిగారు. ప్రతిసారీ మీ ఇష్టమండి అన్నాను. చివరికి సిద్ధాంతం అనే ఊరి నుంచి దొడ్డిపట్ల దాకా ఉన్న ముక్క మిగిలింది. అక్కడా మామగారి పినతండ్రి కొడుకు ఒకాయన ఉన్నారు గానీ, అప్పటికి ఇంటికి తాళం వేసుకుని తిరుపతి వెళ్ళారు. ఆయన తిరిగొచ్చేలోగా మేం నడిచేయాలి.

రావులపాలెం మీదుగా వెళ్ళే తొలి బస్సెక్కి సిద్ధాంతంలో దిగాం. మామగారి చేతిలో గొడుగు, నా చేతిలో కొట్లోంచి కొత్తగా తీసిన పెద్ద స్టీలు క్యారేజీ. అందులో పులిహోర, దద్దోజనం, మరో రెండు గిన్నెల్లో ఏవో. గట్టు మీద గాలి చల్లగా తగిలింది. ఏటికి అడ్డంగా ఇసుక మేటలు తెల్లగా మెరుస్తున్నాయి. మామగారు పంచె కాస్త పైకెగ్గట్టి, బడి వదిలిన పిల్లాడిలా ముందు నడిచారు. అంత సంతోషంగా ఆయన్ని అంతకు ముందు చూడలేదు.

అంతలో సైకిల్ మీద ఎదురొచ్చిన ఒక రైతు దిగి, ఎక్కడిదాకా వెళ్తున్నారని మర్యాదగా అడిగాడు. దొడ్డిపట్ల అన్నాం. బస్సు తప్పిపోయిందా అన్నాడు. లేదన్నాం. ఎవరికైనా బాగోలేదా అన్నాడు. అదీ లేదన్నాం.

"ఊరికే నడుస్తున్నామండి," అన్నారు మామగారు.

ఆ రైతు మా ఇద్దరినీ, క్యారేజీనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత సైకిల్ వెనక్కి తిప్పి, పట్టుకుని మా పక్కనే నడవడం మొదలుపెట్టాడు. మమ్మల్ని అలా వదిలేయడానికి అతనికి మనసొప్పలేదు. దారిలో ఇంకో ఇద్దరు కలిశారు. ఇంట్లో మాటా మాటా వచ్చిందేమోనని ఒకరు, అల్లుడు అలిగి పోతుంటే మామ బతిమాలుతూ వెంటపడ్డాడేమోనని మరొకరు నెమ్మదిగా ఆరా తీశారు. నాతో విడిగా మాట్లాడి, పెద్దాయన్ని కష్టపెట్టొద్దని నచ్చజెప్పారు.

మామగారికి ఓపిక అయిపోయింది. "మొక్కు ఉందండి. అంతర్వేది స్వామికి. మా అల్లుడుగారి మొక్కు," అనేశారు.

అందరి మొహాలూ తేటపడ్డాయి. సైకిల్ రైతు చెప్పులు విప్పి నాకు దణ్ణం పెట్టి, సైకిలెక్కి ముందుకు వెళ్ళిపోయాడు. పీడ వదిలిందనుకున్నాం.

తర్వాతి ఊరి మొదట్లో ఆడవాళ్ళు పసుపు నీళ్ళ బిందెలతో నిలబడి ఉన్నారు. నా కాళ్ళు కడిగారు. మజ్జిగ ఇచ్చారు. ఒకావిడ కొబ్బరికాయ తెచ్చి, తన పేరున స్వామికి కొట్టమంది. ఆవిడ వెనక మరొకరు, ఆ వెనక మరికొందరు. ఎవరిదీ కాదనడానికి లేదు. కాయలు నా తువ్వాలు నిండి, మామగారి గొడుగు తిరగేస్తే అదీ నిండాక, ఊరి పెద్ద ఒకాయన ఎడ్లబండి కట్టించారు. ఎండ మండిపోతోంది. నేను ఆశగా బండి వైపు చూశాను. మొక్కున్నవాళ్ళు బండెక్కకూడదని బండి తోలే అతను నాకు గౌరవంగా గుర్తు చేశాడు. కొబ్బరికాయలు బండిలో గడ్డి మీద సుఖంగా వెళ్తుంటే, మేం వెనకాల దుమ్ములో నడిచాం.

దొడ్డిపట్ల చేరేసరికి పొద్దు వాలింది. మా ముక్క అయిపోయింది. పాలకొల్లు బస్సు అక్కడే ఆగి ఉంది. మామయ్యగారూ, బస్సు అన్నాను మెల్లిగా. ఆయన బస్సు వైపు చూశారు, బండి వెనక చేరిన జనాన్ని చూశారు.

"ఇప్పుడు బస్సెక్కితే ఏమనుకుంటారండి," అన్నారు.

ఆ రాత్రి తిరుపతి వెళ్ళిన ఆయన ఇంటి అరుగు మీదే పడుకున్నాం. మర్నాడు అత్తగారి పుట్టింటి వీధిలోంచే నరసాపురంలో నడిచాం. ముందు బండి, వెనక నేను కుంటుతూ, నా వెనక మామగారు. అత్తగారి అన్నగారు అరుగు దిగి వచ్చి, నన్ను పైనుంచి కింద దాకా చూసి, ఇంత చిన్న వయసులో ఇంత భక్తి ఎక్కడా చూడలేదని కళ్ళొత్తుకున్నారు. భోజనం పెట్టి, ఏరు దాటించే పంటు దాకా సాగనంపి, తమ వంతుగా ఒక అరటి గెల కూడా ఇచ్చారు.

అంతర్వేదిలో పూజారిగారు గోత్రం అడిగి, కోరిక ఏమిటన్నారు. మామగారి వైపు చూశాను. ఆయన స్వామి వైపు చూస్తున్నారు.

"ఏం లేదండి. ఊరికే వచ్చాం," అన్నాను.

మంచిదే బాబూ అని పూజారిగారు మంత్రం అందుకున్నారు.

కాయలన్నీ కొట్టేసరికి మామగారికి చెయ్యి పట్టేసింది. రాజమండ్రి బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ఆయన, నిద్రలోకి జారుకునే ముందు, వచ్చే ఏడు పట్టిసీమ వైపు చూద్దాం, అటు మనకి ఎవరూ లేరు కదా అన్నారు. నేను మీ ఇష్టమండి అనలేదు. బొబ్బలెక్కిన కాళ్ళు చెప్పుల్లోంచి తీసి, ఖాళీ క్యారేజీ మీద ఆనించి కళ్ళు మూసుకున్నాను.