మా అమ్మకు ఒక్క చరణం

అమ్మను మామయ్య దూరాన ఉన్న నజఫ్ ఊరి శ్మశానానికి తీసుకెళ్ళి పూడ్చి వచ్చాడు. వీధిలో మగవాళ్ళకి డేరా వేశారు. ఇంట్లో ఆడవాళ్ళు గోడల వెంట నల్లగా బారులు తీరి కూర్చున్నారు. వాళ్ళ చేదు కాఫీలూ, సిగరెట్లూ, చంటిపిల్లల పాలసీసాలూ అన్నీ నా నెత్తిమీదే పడ్డాయి. అంతకుముందు ఏడాదంతా మంచాన పడ్డ అమ్మకు చాకిరీ చేశాను కాబట్టి ఏడవడానికి కూడా ఓపిక మిగల్లేదు. "ఒక్క కన్నీటి చుక్కైనా రాల్చలేదు చూడు, ఏం కూతురో" అని ఎవరో అంటుంటే విన్నాను. విని కప్పులు కడగడానికి వెళ్ళిపోయాను.

మా అమ్మ పేరు మక్కియా. అమారా ఊళ్ళో మా పేటలో ఎవరింట్లో చావు జరిగినా ముందు ఆమెకే కబురొచ్చేది. చావింట ఆడవాళ్ళ నడుమ నిలబడి ఏడుపుపాట పాడే ముల్లాయా బద్రియాకు గొంతుంది, మాటల్లేవు. ఆ మాటలు రాసేది మా అమ్మ.

రాసేముందు ఆ ఇంటి వంటగదిలో పీట వేసుకుని కూర్చునేది. పోయినావిడ ఏం వండేది, ఎవర్ని తిట్టేది, దేనికి భయపడేది, అన్నీ గుచ్చి గుచ్చి అడిగేది. "మంచిది, భక్తురాలు అని చెప్పకండి, అలాంటివాళ్ళు శ్మశానం నిండా ఉన్నారు" అని కసిరేది. రాసింది బద్రియాకు నోటికి వచ్చేదాకా చదివి వినిపించి, ఆ కాగితాన్ని రొట్టెల పొయ్యిలో పడేసేది. ఒకరికి రాసింది ఇంకొకరికి పాడకూడదని ఆమె పట్టు. ఎవరికి గుర్తుంటుంది, పాతదే కాస్త మార్చి పాడేస్తానని బద్రియా ఎన్నిసార్లు బతిమాలినా ఒకటే జవాబు. "ఒకరి ఒంటిమీది బట్ట విప్పి ఇంకొకరి శవానికి తొడుగుతావా?"

తనకోసం మాత్రం ఏమీ రాసుకోలేదు. మొదటి రోజే బద్రియా నన్ను వంటగదిలో పట్టుకుంది.

"నాహిదా, మీ అమ్మ గురించి నాలుగు ముక్కలు చెప్పు తల్లీ. ఎలాగోలా నేనే కట్టి పాడతాను."

"ఏం చెప్పను పిన్నీ?"

"ఏదో ఒకటి చెప్పవే. కూతురివి నువ్వు చెప్పకపోతే ఎవరు చెప్తారు?"

నా బుర్రలో అమ్మ మింగిన మాత్రల పేర్లు తప్ప ఇంకేమీ లేవు. "మంచిది" అన్నాను.

"ఆ మాట విని ఉంటే నిన్ను చెప్పుచ్చుకు కొట్టేది" అని బద్రియా తల పట్టుకుంది.

నిజమే. మూడో రోజు సాయంత్రంతో ఈ ఏడుపు కూటం లేచిపోతుంది. నలభయ్యో రోజుకు వచ్చేది దగ్గరి చుట్టాలే. ఊరందరికీ తలో చరణం ఇచ్చిన మనిషి తనకంటూ ఒక్కటైనా లేకుండా వెళ్ళిపోతుందేమోనని నాకు దిగులు పట్టుకుంది. దిగులు పడటమే తప్ప ఆలోచించే శక్తి లేదు.

మూడో రోజు బద్రియా వట్టి చేతులతో వచ్చి గది నడుమ నిలబడింది. ఇంకేం దారి తోచలేదేమో, అమ్మ రాసినవాటిలో మంచివి ఏరి ఎత్తుకుంది.

"మీగడ పళ్ళెం నెత్తిన పెట్టి మంచులో నడిచావు,
ఏనాడూ దించమని ఎవరినీ అడగలేదు,
ఇవాళ నలుగురు మోస్తుంటే సిగ్గుపడకమ్మా..."

పక్కింటి ఉమ్ కాజిం గుండెలు బాదుకుంటూ లేచింది. "అయ్యో, అది మా అమ్మది! మా అమ్మదే!"

"అయితే అయింది, కూర్చోవే. మీ అమ్మేమైనా వచ్చి తిరిగి ఇమ్మందా?" అంది పక్కనున్న ముసలావిడ.

"మక్కియా మీగడ ఎప్పుడమ్మింది పిన్నీ? ఖాళీ పళ్ళెం ఎత్తినా నడుం పట్టేసేది ఆవిడకి!" అంది ఉమ్ కాజిం.

ఏడుస్తున్నవాళ్ళలోనే కొందరు కిసుక్కున నవ్వారు. బద్రియా తడబడి ఇంకొకటి అందుకుంది.

"చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి, వట్టికాళ్ళతో ఎంత దూరం పోయావు కొడుకా..."

మూలనున్న హస్నా కూలబడిపోయింది. అది నదిలో మునిగిపోయిన ఆమె కొడుక్కి రాసింది. ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. బద్రియా ఏది ఎత్తుకున్నా దానికో సొంతదారు లేచి గొల్లుమంటోంది. గది నిండా ఏడుపే, ఎవరి పోయినవాళ్ళ కోసం వాళ్ళు. మా అమ్మ కోసం ఒక్కరూ లేరు.

నా చేతిలో కాఫీ ట్రే ఉంది. విసిరికొట్టాను.

"ఆపండి! మీ ఏడుపులు మీ ఇళ్ళకి పోయి ఏడవండి. మీ అందరి వంటగదుల్లోనూ కూర్చుందావిడ, మా వంటగదిలో తప్ప! చిన్నప్పుడు జ్వరమొచ్చి పిలిస్తే, 'ఈ పోయినావిడ పని అయిపోనీ, వస్తా' అనేది. అన్నానికి పిలిచినా అదే మాట. నా పెళ్ళి చెడిపోయి గోడకేసి తిరిగి పడుకుంటే, అప్పుడూ అదే మాట. మొన్న పలవరింతలో కూడా అదే అంది. వాళ్ళ పని ఎప్పటికి అయిపోతుంది? నా దగ్గరికి ఎప్పుడొస్తుంది?"

ఆ పగిలిన కప్పులు కూడా నేనే ఎత్తాలి కదా అని నీరసం వచ్చింది. బద్రియా వచ్చి నా భుజం పట్టుకుంది. కళ్ళు మూసుకుని మెల్లగా గొంతెత్తింది.

"పోయినవాళ్ళ పని అయిపోయిందా మక్కియా?
అన్నం ముందు నీ కూతురు కూర్చుని ఉంది,
ఇక రా."

ఉమ్ కాజిం అలవాటు కొద్దీ చుట్టూ చూసింది, ఇది ఎవరిదా అని. ఎవరూ లేవలేదు. అప్పుడామె ముసుగు మొహం మీదికి లాక్కుని, "మక్కియా, మక్కియా" అని ఏడవడం మొదలుపెట్టింది. తర్వాత హస్నా, తర్వాత గది గదంతా అదే పేరు. అమ్మ ఇక రాదని నాకు అప్పుడు తెలిసింది.