అత్తమ్మ పాటలు కాలిపోయిన సాయంత్రం

జిన్నారం దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో నేను ఎలక్ట్రీషియన్‌ని. కరెంటు హెచ్చుతగ్గుల నుంచి మిషన్లను కాపాడడమే నా పని. పోతిరెడ్డిపల్లిలో మా ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్‌ను మాత్రం కాపాడలేదు. దానికున్న రక్షణను నా చేతులతోనే తీసేశాను.

ఆ కంప్యూటర్ నా భార్యది. వాళ్లమ్మ భానూర్ దగ్గరి పల్లెలో కూలి పనికి పోయేది. కలుపు తీస్తూ పాడిన పాటలన్నీ డెబ్బై ఏళ్లు దాటినా ఆమెకు నోటికే వచ్చేవి. నా భార్య ఆదివారాలు వెళ్లి వాటిని ఫోన్‌లో రికార్డు చేసేది. ఫోన్ నిండినప్పుడల్లా కంప్యూటర్‌లో వేసుకుని ఫోన్‌లోంచి తీసేసేది. అత్తమ్మ పోయాక ఆ గొంతు అందులోనే మిగిలింది.

ఆ వేసవిలో, కరెంటు పోయినా క్రికెట్ ఆగకూడదని, కంప్యూటర్‌కున్న యూపీఎస్ తీసి టీవీకి పెట్టాను. కంప్యూటర్ ప్లగ్గును నేరుగా గోడ సాకెట్‌లో గుచ్చాను.

"జెర దాన్ని మళ్ల పెట్టరాదు," అని ఆమె రెండుసార్లు అడిగింది.

"ఏం గాదు తియ్. నాకు తెల్వదా?" అన్నాను.

యూపీఎస్ కరెంటు పోయినప్పుడు పనికొస్తుందని మాత్రమే ఆమెకు తెలుసు. ఎక్కువ కరెంటు వస్తే ముందు దెబ్బ తినేది అదేనని నాకు తెలుసు.

ఒక సాయంత్రం గాలిదుమారం లేచి వీధి స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగింది. అది తెగితే ఇళ్లలోకి వోల్టేజీ విపరీతంగా పెరిగి వస్తుంది. బల్బులు తెల్లగా మండి పగిలాయి. మిద్దె మీద బట్టలు తీస్తున్న ఆమె పరుగున వచ్చేసరికి కంప్యూటర్‌లోంచి పొగ వస్తోంది. యూపీఎస్ మాడింది. టీవీకి ఏమీ కాలేదు.

సంగారెడ్డిలో రిపేరు చేసే అతను డిస్కు విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు.

"గాలి లేవంగనే స్విచ్ బంద్ చెయ్యాల్సింది. బట్టల కోసం ఉరికిన. నాదే తప్పు," అని ఆమె ఏడ్చింది.

నేను గ్లాసుతో నీళ్లిచ్చాను. "ఇగ ఊకో," అన్నాను. అంతే.

నాలుగు నెలలు అలాగే గడిపాను. అత్తమ్మ సంవత్సరీకం నాడు వాళ్ల ఊళ్లో అందరం భోజనానికి కూర్చున్నప్పుడు, పాటలు వినిపించమని నా భార్యను ఆమె తమ్ముడు అడిగాడు. ఆమె తల దించుకుని, "నా వల్లనే పోయినయి రా," అంది. చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేశాను.

"ఆమె తప్పు గాదు," అన్నాను. "యూపీఎస్ తీసి టీవీకి పెట్టింది నేను. అదుంటే దెబ్బ దానికే తాకేది. నాకు అప్పుడే తెలుసు."

తిరుగు బస్సులో పటాన్‌చెరు దాటాక ఆమె కిటికీలోంచే చూస్తూ అడిగింది:

"నేను గంత ఏడుస్తుంటే సూసుకుంట కూసున్నవా?"

"ఆ," అన్నాను.

ఇప్పుడు ఆమె తనకు గుర్తున్న పాటల్ని తానే పాడి రికార్డు చేస్తోంది. కొన్ని సగమే వస్తున్నాయి. మధ్యలో ఆగి కళ్లు మూసుకుంటుంది. నేను పక్కనే నిలబడి ఉంటాను. ఆమె ఉండమనదు, పొమ్మనదు.