గోడలకన్నా ముందు నిలబడిన వాకిలి

ఉబ్బసం మనిషికి పట్నం దుమ్ము పనికిరాదని డాక్టరు మా మేనమామతో చెప్పాడు. భాకరాపేట దగ్గర అడివి అంచున మామకు కొంత చేను, అందులో మద్దిచెట్లు ఉన్నాయి. యుద్ధం పుణ్యమా అని సిమెంటు దొరకదు, ఇనుము దొరకదు. దుంగల మీద దుంగలు పేర్చి ఇల్లు కట్టుకోవచ్చునని నేను అన్నాను. ఇంగ్లీషు పత్రికలో బొమ్మ చూశానని కూడా అన్నాను. ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది. వానలు పడేలోగా కట్టించే భారం నా మీద పడింది. నేను కాలేజీలో చదివింది చరిత్ర.

ఉదయం ఆరింటికి చిత్తూరులో రైలెక్కాను. పాకాలలో బండి మారి, పదిన్నరకు తిరుపతిలో దిగాను. స్టేషను ఎదుట ఇడ్లీ, కాఫీ. కాఫీ వేడిగా ఉంది. అంతకు మించి ఏం చెప్పినా అన్యాయమే. బజారులో ఇద్దరు పట్టి లాగే పెద్ద రంపం కొని, గోనెపట్టా చుట్టించుకుని, పన్నెండు గంటల బస్సుకు పోయాను.

అది బొగ్గు గ్యాసు బస్సు. పన్నెండుకు రాజేస్తే ఒంటిగంటకు కదిలింది. కండక్టరు రంపాన్ని చూసి, "ఇది మీకంటే పొడుగుండాది సామీ, దీనికీ టికెట్టు కావాల" అన్నాడు.

"అది కూసోను కూడా లేదు కదప్పా, అర టికెట్టు కొట్టు" అని పూలబుట్టతో ఉన్నావిడ తీర్పు చెప్పింది.

ఇద్దరం ఒప్పుకున్నాం. కనుమ ఎక్కేటప్పుడు అందరినీ దింపి బస్సు తోయించారు. అర టికెట్టు రంపం మాత్రం లోపలే పడుకుంది.

నాలుగింటికి చేను చేరాను. చదును చేసిన నేల మీద ద్వారబంధం ఒక్కటే నిలబడి ఉంది. పసుపు, కుంకుమ, మామిడాకుల తోరణం అన్నీ ఉన్నాయి. చుట్టూ ఏమీ లేదు. ఒక మేక మర్యాదగా పక్కనుంచి పోయింది.

"మొన్న ముహూర్తం బాగుండాదని నిలబెట్టినాం" అన్నాడు వడ్రంగి మునిరత్నమాచారి. "ఇంక గోడలు యెట్ల లేపాలో మీరు చెప్పాల."

నేను బొమ్మ పరిచాను. దాని ప్రకారం దుంగలు మూలల్లో ఒకదాన్నొకటి కరుచుకుని నాలుగు పక్కలా లేస్తాయి. గోడ పూర్తయ్యాక, వాకిలి కావలసినచోట రంపంతో కోస్తారు.

ఆచారి నన్ను జాలిగా చూశాడు. "కట్టిన గోడ కోసి వాకిలి పెట్టేది దొంగోళ్లు కదా సామీ!"

"పోనీ, దీన్ని రెండు రోజులు తీసి పక్కన..."

"ఓరి నీ చదువు!" అంటూ, ముహూర్తానికని ముందే వచ్చి దుంగ మీద కూర్చున్న మామ లేచాడు. దగ్గు తెర అడ్డమొచ్చింది. అది ఆగాక మిగతాది అన్నాడు. "నవధాన్యాలు పోసి... నిలిపిన గడపరా... అది కదిలితే... నేనీడికి రాను. చిత్తూరు దుమ్ములోనే... దగ్గుకుంటా సస్తా."

మరునాడు పొద్దున బొమ్మను నాలుగు వైపులా తిప్పి చూశాం. ఒక వైపునుంచి పడవలా ఉంది. వాకిలి దగ్గర దుంగ తెగిపోతే దాని కొనను పట్టుకునేదేది? బొమ్మ చెప్పలేదు, నాకూ తెలియదు. కొండ మీద మబ్బు పడుతోంది. మామ మబ్బునూ, నన్నూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"అంగడి మూసేటప్పుడు తలుపు పలకలు యెట్ల నిలస్తాయి సామీ?" అన్నాడు ఆచారి హఠాత్తుగా.

"గాడిలో దించుతారు."

"అంతే కదా!"

అతను ద్వారబంధం కదపకుండానే, రెండు నిలువులకూ బయటి పక్కల పొడుగునా గాడి తొలిచాడు. దుంగల కొనలు సన్నగా చెక్కి అందులోకి దించాడు. నా బొమ్మలో మూలలు మాత్రం ఉంచుకున్నాడు. మూడో రోజు మధ్యాహ్నానికి గోడ మోకాలెత్తు లేచింది. ఎలా లేచిందని అడిగితే నేను చెప్పలేను. కప్పు సంగతి అడగవద్దని మనవి.

రెండున్నర బస్సు అందుకోవాలని సంచీ తీసుకుని, లోపలినుంచి గోడ దాటి అడ్డంగా నడిచాను.

"గోడ దూకి పోతావేందిరా దొంగోడి మాదిరి! నీకోసరమే కదా అంత ముహూర్తం పెట్టి వాకిలి నిలిపింది, వెనక్కి రా, వాకిట్లోంచి పో!" అని మామ కేకేశాడు.

మళ్ళీ గోడ దాటి లోపలికి వచ్చి, వాకిట్లోంచి బయటికి పోయాను.

ఆ దారిన పోయేవారికి నా సలహా: రంపం తీసుకుపోకండి. తిరుగు రైలులో ఎదుటి పెద్దమనిషి ఎక్కడికి పోయొస్తున్నానని అడిగాడు. ఇల్లు కట్టించడానికన్నాను.

"అయిందా?"

"వాకిలి అయింది" అన్నాను.

పాకాల దాటాక తట్టింది. ఆ కేక మొదలునుంచి చివరిదాకా మామ ఒక్కసారి కూడా దగ్గలేదు.