పత్తి తొక్కినట్టు సర్దిన పడవ

మా బావ తెరచాప పడవ కొన్నాడని ఫోనులో వినగానే నేను కుర్చీలోంచి ఎగిరిన ఎగురుకి ఫ్యాను రెక్క వంగింది. ఆయన ఒంగోల్లో పత్తి వ్యాపారి. ఏభై ఏళ్ళలో మోకాలు దాటిన నీళ్ళలో దిగిన పాపాన పోలేదు. ఇప్పుడు సముద్రం మీద చెన్నై వెళ్తాడట, తోడుగా నేను రావాలట.

అప్పుడప్పుడే జేబుల్లోకి సెల్‌ఫోన్లు వస్తున్న రోజులు. గుంటూరులో పొద్దున్నే ఆరుంబావుకి రైలెక్కి, తెనాలిలో బండి మారి, ఒంగోలు చేరేసరికి పదిన్నర. స్టేషన్ బయట నాలుగు ఇడ్లీలు మింగి కొత్తపట్నం బస్సెక్కాను. ఖాళీ చేపల గంపతో పక్కన కూర్చున్నామె ఎక్కడికని అడిగితే గొప్పగా చెప్పాను. "నీకు ఈత వచ్చా?" అంది. రాదన్నాను. ఆమె నన్ను చివరిసారి చూస్తున్నట్టు చూసింది.

పన్నెండింటికి ఉప్పుటేరు గట్టు చేరి నోరు తెరిచాను. పడవలో రెండు బల్లలు, వాటి కింద అరలు. మా అక్క చీరలు కూడా పట్టవు. గట్టు మీద మాత్రం రెండు లారీల సామాను: మోకులు, లంగరు, మారు తెరచాప, స్టవ్వు, నీళ్ళు తోడే చేతిపంపు, నాలుగు ఆవకాయ జాడీలు. ఏనుగొక్కటే తక్కువ.

బావ బెదరలేదు. పత్తి మిల్లు నుంచి మస్తాన్‌ని తెచ్చాడు. మస్తాన్ పెద్ద గోతాంలోకి దిగి, పైనుంచి పత్తి పోస్తుంటే కాళ్ళతో అణిచే మనిషి. అతను తొక్కిన గోతాంలో గునపం గుచ్చితే గునపమే వంగుతుందట. అలాగే అరల్లోకి దిగాడు. బరువైనవి అడుగున ఉండాలన్నాడు, లంగరూ పంపూ వెళ్ళిపోయాయి. వాటిమీద మిగతా ప్రపంచం. మూడింటికి గట్టు ఖాళీ. ఇంక దోమ కూడా దూరదని మస్తాన్ అంటే బావకి ఆనందంతో కళ్ళు చెమర్చాయి.

పడవ నడపడానికి ఒప్పుకున్న పోలయ్య, సముద్రంలో వేటాడి తల నెరిసినవాడు, రేపటి ప్రయాణానికి ముందు ఏట్లో ఒక చుట్టు తిప్పి చూద్దామన్నాడు. నాలుగింటికి నలుగురం బయల్దేరాం. కాసేపటికి నా చెప్పులు తేలాయి.

"పలకలు ఎండినియ్ గదా. నానితే మూసుకుంటయ్. అందాకా తోడాల," అన్నాడు పోలయ్య. "పంపేదయ్యా?"

ముగ్గురం మస్తాన్ని చూశాం. మస్తాన్ తన కాళ్ళని చూసుకున్నాడు.

అరలోంచి మోకు లాగితే పడవ ఊగింది గాని మోకు రాలేదు. నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. నాకు మాత్రం చెవుల దాకా వచ్చినట్టే ఉంది.

"ఎట్టా తొక్కావో అట్టా తియ్యరా," అన్నాడు బావ.

"తొక్కడమే నా పని షావుకారుగారూ. తియ్యడం మిల్లులో మిషను చేసిద్ది."

పోలయ్య ఇంకో మాట లేకుండా పడవని బురదలోకి తోలాడు. మోకులు కోసి, మారు తెరచాప చించి, మూడు జాడీలు పగలగొట్టి పంపు బయటికి తీసేసరికి పొద్దు వాలింది. పంపు ఆవకాయ ఊటతో ఎర్రగా, అప్పుడే పుట్టిన బిడ్డలా ఉంది.

రాత్రంతా నానిన పలకలు పొద్దున్నకి మూసుకున్నాయి. పోలయ్యే సర్దాడు. కళ్ళు మూసుకుని చెయ్యి పెడితే అందింది ఉంచాడు, అందనిది గట్టుకి విసిరాడు. అరలు సగం ఖాళీగా ఉన్నాయని బావ గొణిగితే, ఆ ఖాళీ చెయ్యి దూరడానికన్నాడు. ఆఖరున నా వైపు తిరిగాడు.

"ఈయన దేనికి?"

బావ చాలాసేపు ఆలోచించాడు. అంతసేపు ఆలోచించడమే నన్ను చంపింది.

ఎనిమిదింటికి పడవ సముద్రంలోకి చేరింది. మునగలేదు. నేను తిరుగు బస్సులో, దించేసిన సామాను మధ్య కూర్చున్నాను. నాతో కలిపి వీటిలో సముద్రం మీద బావకి నిజంగా అక్కరకొచ్చేదేదా అని ఒంగోలు దాకా ఎంచాను. మిగిలిన ఆవకాయ జాడీ ఒక్కటే తేలింది.