చువ్వ మోగిన చప్పుడు

దీపావళి దగ్గర పడుతున్నప్పుడు మా మెట్ల మీద కూర్చుని పక్కింటి పాప రీలు తుపాకి పేలుస్తుంటుంది. ఆ కాలిన మందు వాసన గడప దాటి లోపలికి రాగానే ఇబ్రహీంపట్నం పొలిమేరలోని ఖాసీం చాచా పెరడు నా కళ్లముందు కదులుతుంది. తడిసిన మట్టిగోడ, దాని మీదికి పాకిన బీరతీగ పసుప్పచ్చ పూలు, పొయ్యి మీద జొన్నరొట్టె కాలే కమ్మదనం, అన్నీ ఆ పొగలోంచి ఒకదాని వెనక ఒకటి నెమ్మదిగా తేలివస్తాయి.

చాచా మాకు చుట్టం కాదు, పక్క చేను రైతు. పల్లికాయ ఊరే రోజుల్లో చేన్ల మీద పడే అడవిపందులను బెదరగొట్టడానికి ఆయన దగ్గర లైసెన్సున్న పాత తుపాకి ఒకటి ఉండేది. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండ్లు వేసి, ఇనుప చువ్వతో దట్టించే రకం. చెయ్యి కుదరడానికి ఆయన పొద్దున్నే పెరట్లో ఉత్త గురి పట్టేవాడు. లోపల మందేమీ లేకుండా వెనక చిన్న రాగి టోపి ఒక్కటే పెట్టి మీట నొక్కితే, టప్‌మని పేలి సన్నటి పొగ లేచేది. ఆ పొగ కోసమే నేను ముఖమైనా కడుక్కోకుండా పరుగెత్తేవాణ్ణి.

దానికి ముందు ఒక తంతు ఉండేది. తుపాకి మూతిని ఎవరూ తిరగని మట్టిగోడ వైపు కాస్త ఎత్తి పట్టి, టోపి లేదని చూసుకుని, చువ్వను గొట్టంలోకి జారవిడిచేవాడు. అడుగున ఇనుము ఇనుముకు తగిలి ఖంగుమంటే ఉత్తది. దబ్బుమని మెత్తగా ఆగితే లోపల మందున్నట్టు. ఏళ్ల తరబడి పేల్చీ పేల్చీ చాచా చెవులు మందగించాయి కాబట్టి ఆ చప్పుడు వినే పని నాది.

"మోగిందా బేటా?"

"మోగింది చాచా."

"జర మంచిగ విన్నవా? నిన్న ఖాళీ చేసి పెట్టిన గదా అంటే నడవదు. ముట్టుకున్నప్పుడల్ల చూస్కోవాలె."

"చూడుర్రి, చెవులు కిరాయికి తెచ్చుకున్నడు!" అని చాచీ నవ్వి, ఆ కిరాయి కింద నా చేతిలో బెల్లం ముక్క పెట్టేది.

ఒక ఏడు పీర్ల పండుగ పల్లి ఊరే కాలంలోనే వచ్చింది. ముందటి రాత్రి కావలికి వెళ్లిన చాచా కొడుకు మందు దట్టించిన తుపాకిని అట్లే తెచ్చి మూలకు నిలబెట్టి పడుకున్నాడు. పొద్దున చాచా ఎప్పటిలాగే దాన్ని గోడకు తిప్పి చువ్వ వేశాడు. వీధిలో డప్పులు, ఊదు పొగ, పంచే మలీద ముద్దల తీపి వాసన. తడిక సందులోంచి పీర్ల రంగురంగుల గుడ్డలు ఎగురుతూ కనిపిస్తుంటే నాకు చువ్వ చప్పుడే వినపడలేదు.

"మోగిందా బేటా?"

"అవ్, మోగింది చాచా" అన్నాను, బెల్లం కోసం చెయ్యి చాపి.

ఆయన టోపి పెట్టి మీట నొక్కాడు. పెరడు దద్దరిల్లింది. బీరపూలు రాలాయి, గోడలో పిడికెడు గుంత పడింది, వీధిలో డప్పులు ఆగిపోయాయి. మూతి గోడవైపు ఉంది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

"చెవిటోనికెందుకయ్య తుపాకి? చూస్కోకుండ కొట్టిండు" అన్నారు చేరిన జనం.

చాచా నావైపు ఒకసారి చూసి, "అవ్, నాదే తప్పు" అన్నాడు. తుపాకి స్టేషన్‌కు పోయి మళ్లీ రాలేదు. ఆ ఏడు పందులు చేనంతా తవ్విపోశాయి. మరుసటేడు చేను బీడుపడింది, చాచా పెద్ద అంబర్‌పేట్ వైపు కూలికి పోయాడు.

ఆయన మంచాన పడ్డాక గాని నాకు నోరు రాలేదు. చెవి దగ్గరికి వంగి, "ఆ రోజు నేను వినలేదు చాచా" అని గట్టిగా చెప్పాను.

నవ్వాడు. "నా చెయ్యికి మెత్తగనే తగిలిందిరా. నీ చెవులు కొత్తయి, నా చెయ్యే ముసల్దైంది అనుకున్న."

ఇప్పుడు ఆ పెరటి చోట ప్లాట్ల హద్దురాళ్లున్నాయి. బీరతీగ లేదు, పల్లిచేను లేదు, పందులు దాక్కునే పొద లేదు, బెల్లం పెట్టే చాచీ లేదు. ఒక్క మాట మాత్రం మిగిలింది. టీకొట్టు దగ్గర పాతవాళ్లు ఇప్పటికీ "చూస్కోకుండ కొట్టిన ఖాసీం" అని నవ్వుతారు.

ఆయన చూసుకున్నాడు. మూతి గోడకు తిప్పాడు, చువ్వ వేశాడు, నన్ను అడిగాడు.