వేడి బానెట్ మీద చిన్నబాపు చెయ్యి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. కామారెడ్డిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. వయసు ఇరవై ఏడు, పెళ్లి కాలేదు, గదికి కొత్తగా ఇంటర్నెట్ వచ్చింది. ఈ మూడూ ఒక్క మనిషిలో కలిస్తే ఎంత తలపొగరు పుడుతుందో, ఇప్పుడు మా స్టాఫ్ రూములోకి కొత్తగా వచ్చే కుర్ర లెక్చరర్లను చూస్తే తెలుస్తోంది (నేను వాళ్ల మీద జాలిపడను, అప్పట్లో నా మీద ఎవరూ పడలేదు).

2012లో నాకు టర్బో పిచ్చి పట్టింది. బుద్ధున్న వాళ్లు మామూలు కారు కొనుక్కుంటారు. నాకు మాత్రం ఇంజన్‌లోకి గాలిని దట్టించి తోసే టర్బో కారే కావాలి, కాలు నొక్కితే వీపు సీటుకు అతుక్కుపోవాలి. కొత్తది కొనే తాహతు లేదు కాబట్టి సెకండ్ హ్యాండ్. అంత వేగంగా ఎక్కడికి పోవాలయ్యా అంటే, కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి. ఆ దారిలో తాడ్వాయి దాటితే రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, బర్రెలు నడిమధ్యన నిలబడి ఆలోచించుకుంటాయి. అక్కడ నేను గాలిలో తేలిపోదామనుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే, కామారెడ్డిలో ఒక సంబంధం వచ్చింది. ఆ అమ్మాయి ఫొటో నా ఫిజిక్స్ పుస్తకంలో ఉష్ణగతిశాస్త్రం పాఠం దగ్గర ఉండేది, నెల రోజులపాటు పిల్లలకు ఆ పాఠం తప్ప ఇంకో పాఠం చెప్పలేదు. ఆ ఇంటి ముందు బస్సు దిగి నడుచుకుంటూ వెళ్తే నన్నెవరు చేసుకుంటారన్నది నా భయం.

మా ఊరు ఎల్లారెడ్డి పక్కనే. బాపు నా చిన్నప్పుడే పోయాడు కాబట్టి ఇంటికి పెద్దదిక్కు ఆయన తమ్ముడు, మా చిన్నబాపు. పిట్లం, బిచ్కుంద అంగళ్లలో ఎద్దును కొనే రైతులు ముందు ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్లేవారు. పళ్లు చూసి, గిట్టలు తట్టి, సుడులు లెక్కపెట్టి, నాలుగడుగులు నడిపించి ఆయన "తీస్కో" అన్నాడంటే మారు మాట్లాడకుండా పగ్గం పట్టుకునేవారు. ఆయన చూసిన ఎద్దు చెడిపోయిందన్న మాట అంగడిలో ఎవరూ అనలేదు. ఆయనకున్న ఆస్తి ఆ పేరే.

"మీ చిన్నబాపు చూడంది ఏదీ ఇంటికి రావద్దు" అంది అమ్మ. కాళ్లున్నదైనా చక్రాలున్నదైనా మా ఇంట్లో అదే పద్ధతి. తలపాగా చుట్టుకున్న ముసలాయనను వెంటబెట్టుకుని హైదరాబాదులో కార్లమ్మే చోటికి వెళ్లడం నాకెంత నామోషీగా ఉందో చెప్పలేను. దారి పొడుగునా ఆయనకు టర్బో అంటే ఏమిటో క్లాసు పీకాను. ఆయన బీడీ ఆర్పి, "అంటే దీనికి ఊపిరెక్కువ పట్టిస్తరన్నట్టు. గట్లయితే ఊపిరితిత్తులు మంచిగున్నయో లేవో చూడాలె" అన్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నన్ను నేనే ఒక్కటి పీకాలనిపిస్తుంది.

అమ్మేవాడు నల్లద్దాలు పెట్టుకుని, ఆ అద్దాల వెనక నన్ను నిలువెల్లా చదివేశాడు. కారు ఎర్రగా నిగనిగలాడుతోంది. "డాక్టర్‌సాబ్ నడిపిన బండి భయ్యా, సింగిల్ హ్యాండ్" అన్నాడు. (మన దగ్గర సెకండ్ హ్యాండ్ కార్లన్నీ డాక్టర్లే నడుపుతారు. వాళ్లు రోగుల్ని ఎప్పుడు చూస్తారో నాకు ఈనాటికీ అంతుపట్టదు.) సర్వీసు పుస్తకం ఏదంటే ఇల్లు మారినప్పుడు పోయిందన్నాడు. ఇంజన్ బలం పెంచడానికి లోపల ఏదో చిప్ మార్పించారని గొప్పగా చెప్పాడు. ఓవర్‌టైం చేయించిన ఇంజన్ అని ఒప్పుకుంటున్నాడు, నేనేమో బహుమతి ఇస్తున్నాడనుకుని పళ్లికిలించాను.

చిన్నబాపు చక్రాలు తట్టాడు, వంగి కారు కింద చూశాడు. తర్వాత అరచెయ్యి తీసుకెళ్లి బానెట్ మీద పెట్టి కాసేపు అట్లాగే ఉంచాడు.

"ఇది పొద్దుగాల్నే ఉరికొచ్చింది. వేడిగున్నది" అన్నాడు.

"మీ కోసమే స్టార్ట్ చేసి పెట్టిన తాతా" అన్నాడు నల్లద్దాలాయన.

చిన్నబాపు నన్ను పక్కకు పిలిచాడు. "కుంటెద్దునమ్మేటోడు అంగడికి తెచ్చే ముందు దాన్ని రెండు మైళ్లు నడిపిస్తడు బిడ్డా. ఒళ్లు వేడెక్కితే కుంటు కనవడది. దీన్ని సల్లారనియ్యి. మల్ల రేపొచ్చి సూద్దాం."

దానికి నేనేమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాస్తాను. నల్లద్దాలాయనకు వినపడేట్టుగా, "ఇదేం ఎద్దు కాదు చిన్నబాపు. నీకు తెల్వదు, నువ్వు ఊకో" అన్నాను. ఆయన తలపాగా సర్దుకుని, వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాడు. నేను కూడబెట్టిందంతా ఊడ్చి ఇచ్చి తాళం తీసుకున్నాను. ఇంటికొచ్చేదాకా ఆయన కిటికీలోంచి బయటకే చూస్తూ కూర్చున్నాడు.

సెలవులకు ఇంటి దగ్గరే ఉన్నాను. మర్నాడు పొద్దున స్టార్ట్ చేయగానే వెనక గొట్టంలోంచి నీలంగా పొగ వచ్చింది. చలికాలం కదా, పొగమంచు అనుకున్నాను. మూడో రోజు ఇంజన్ ఆయిల్ తగ్గింది, కొత్త చోటికి అలవాటు పడుతోందనుకున్నాను. ఫిజిక్స్ చెప్పేవాడి తెలివి అది. చిన్నబాపు అరుగు మీద కూర్చుని ఆ పొగను రోజూ చూసి, బీడీ వెలిగించుకునేవాడు.

ఆ వారమే పెళ్లిచూపులు. అమ్మాయి నాన్న రైస్ మిల్లులో ఫిట్టర్, యంత్రాలతోనే బతికిన మనిషి. చిన్నబాపును పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లి, కారును వాళ్ల గుమ్మం ముందే, అందరికీ కనిపించేట్టు ఆపాను. లోపల అంతా బాగా జరిగింది. అమ్మాయి నన్ను ఒకటే ప్రశ్న అడిగింది, "మీరు పిల్లల్ని కొడుతరా?" అని. కొట్టనన్నాను. కొంచెం నవ్వింది. నాకు అక్కడే ప్రాణం లేచొచ్చింది. టీలు, మాటలు, వాళ్ల నాయనమ్మ ఆరాలు అయ్యేసరికి రెండు గంటలు పట్టింది. అంతసేపు బయట నా కారు చక్కగా చల్లారింది.

సాగనంపడానికి ఇంటిల్లిపాదీ గుమ్మంలోకి వచ్చారు. అమ్మాయి కిటికీ దగ్గర నిలబడింది. నేను దర్జాగా తాళం తిప్పి, ఆమె వినాలని ఒకసారి గట్టిగా నొక్కాను. ముందు ఈల వేసినట్టు సన్నగా మోగింది, తర్వాత డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడైంది, ఆ తర్వాత వీధి కనిపించలేదు. నీలం పొగలోంచి జనం దగ్గు మాత్రం వినిపించింది. ఎదురింటి ఆవిడ ఆరేసిన బట్టలు లాక్కుంటూ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఇంజన్ ఆగిపోయింది, మళ్లీ అందుకోలేదు.

అమ్మాయి నాన్న గొట్టంలో వేలు పెట్టి చూసుకున్నాడు. నల్లటి జిడ్డు. "టర్బో పోయింది. ఇయ్యాల పోయింది కాదు, కొన్ననాడే పోయున్నది" అన్నాడు. నాయనమ్మ గుమ్మంలోంచే అంది: "బండిని చూసుకొనరానోడు రేపు పిల్లనేం చూసుకుంటడు? ఎవలు చూసి కొన్నరయ్యా దీన్ని?"

నేను తలుపు తీసుకుని దిగాను. కిటికీ వైపు చూసే ధైర్యం లేకపోయింది. సంబంధం అంతటితో తెగిపోయిందనుకున్నాను.

చిన్నబాపు కారు దిగి ముందుకొచ్చాడు. "నేనే చూసిన అవ్వా. పోరడు వద్దు, రేపు మల్ల చూద్దామన్నడు. నేనే ఇన్నకుంట తీస్కోమన్న. ఎద్దులెక్కనే అనుకున్న, తప్పు నాదే. పోరడు పెద్దోళ్ల మాట కాదనడు, గదొక్కటే వాని గుణం" అన్నాడు.

అంగట్లో మాట తప్పని మనిషి నడివీధిలో, అంతమంది ముందు, నా కోసం అబద్ధమాడాడు. నాయనమ్మ మెత్తబడి, "పెద్దోళ్ల మాటినేటోడైతే మంచిదే" అంది. నేను నిజం చెప్పాలి కదా? చెప్పలేదు. పొగలో కళ్లు మండుతున్నట్టు తుడుచుకుంటూ నిలబడ్డాను. కారును ట్రాక్టరుకు కట్టి ఈడ్చుకెళ్లాం. కొన్నాళ్లకు అది తుక్కు కింద పోయింది. సంబంధం మాత్రం నిలిచింది.

ఆ కబురు పిట్లం అంగడిదాకా పాకింది. "ఏం పెద్దమనిషీ, కార్ల పండ్లు లెక్కవెట్టరాలేదటగా" అని నవ్వేవారట. ఆయనా వాళ్లతో కలిసి నవ్వేవాడట. నిజం ఇప్పటికీ తెలియని మా ఆవిడైతే ఇన్నేళ్లుగా ఆయన వచ్చినప్పుడల్లా, "చిన్నమామా, ఎడ్ల సంగతి సరే, బండ్ల సంగతి మీకెందుకు చెప్పండి" అని ఆటపట్టిస్తుంది. ఆయన టీ తాగుతూ నా వైపు ఒక్కసారి చూసి, గ్లాసులోకి చూసుకుంటాడు.

మొన్న ఇంకో సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి బయల్దేరుతుంటే, "మీ చిన్నబాపును మాత్రం తీస్కపోకు" అంది ఆవిడ. తీసుకెళ్లలేదు. తెల్లవారగానే వెళ్లి, అమ్మేవాడు తాళం తియ్యకముందే, బానెట్ మీద అరచెయ్యి ఆనించి ఆయన లాగే కాసేపు నిలబడ్డాను. చల్లగా ఉంది. అద్దంలో నెరిసిన చెంపలతో ఒక మనిషి కనిపించాడు, వాడికి తెలియని విషయాలు చాలా ఉన్నాయని చూడగానే తెలుస్తోంది. వాడు నాకు ఫర్వాలేదనిపించాడు.

ఈ కాగితాలు అచ్చుకు పంపే ముందు మా ఆవిడ చేతికిస్తున్నాను. రేపు ఆదివారం చిన్నబాపు వస్తానన్నాడు.