ఇరవై మూడో కార్డు

మా ఊరి చర్చిలో జనవరి ఒకటిన పొద్దుటి ఆరాధన అయ్యాక వాగ్దాన కార్డులు పంచుతారు. దేవుడు ఇచ్చిన మాట ఒక్కో కార్డు మీద ఒక్కోటి అచ్చయి ఉంటుంది. కట్టను పళ్ళెంలో బోర్లించి వరసగా తిప్పుతారు. ఏరుకోకూడదు, పైదే తీసుకోవాలి. వచ్చిన మాటను నమ్ముకుని ఏడాదంతా నడవాలి.

ఆ కార్డులు లెక్కపెట్టి కట్ట కట్టే పని పన్నెండేళ్ళు నేనే చేశాను. ఏడో తరగతితో బడి మానేసినా, ఎకరానికి ఎన్ని మిరప మొక్కలు పడతాయో, డ్రిప్పు పైపు ఎన్ని మీటర్లు కావాలో మా ఊళ్ళో నన్నే అడుగుతారు. నా లెక్క తప్పదని పేరు. కార్డు మాత్రం అందరికంటే చివర తీసుకునేవాణ్ణి. అది వినయమని జనం అనుకునేవాళ్ళు. నిజానికి ఎవరికి వచ్చింది వాళ్ళు పైకి చదువుతారు; ఏవేవి పోయాయో వింటూ ఉంటే, మిగిలేది ఏదో నాకు ముందే తెలిసిపోయేది.

ఏడాది కిందట, డిసెంబరులో, మా ఆవిడకి రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. గుంటూరు వెళ్ళి పరీక్ష చేయించుకోమని వినుకొండ డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. ఈమె కదల్లేదు.

"కొత్త ఏడు రానీవయ్యా. దేవుడేం చెప్తాడో చూసి పోదాం."

"ఆయన చెప్పేదాకా గడ్డ ఆగుద్దా?"

"నీకు అంకెల మీదున్న నమ్మకం ఆయన మీద లేదు," అంది.

ముప్పై ఒకటో తారీకు సాయంత్రం కట్ట ముందేసుకుని కూర్చున్నాను. మా చర్చిలో ఎవరి చోటు వాళ్ళదే. పళ్ళెం ముందు ఆడవాళ్ళ వైపు వస్తుంది. మొదటి రెండు వరసల్లో పదకొండేసి మంది. మూడో వరసలో మొదటి చోటు, గోడ పక్కన, మా ఆవిడది. ప్రయాణంలో మనకంటే ముందు తానే నడుస్తానని దేవుడు చెప్పిన మాట ఉన్న కార్డు వెతికి, పైనుంచి ఇరవై మూడోదిగా పెట్టాను. అది చూస్తే బయల్దేరుతుందని నా ఎత్తు. రెండుసార్లు సరిచూసుకున్నాను.

మర్నాడు పళ్ళెం తిప్పబోతుండగా మా వెనకింటి పెద్దమ్మ చాన్నాళ్ళ తర్వాత కర్ర ఊతంతో వచ్చింది. మోకాళ్ళ నొప్పి, గోడ ఆనుకుంటే తప్ప కూర్చోలేదు. మా ఆవిడ తన చోటు ఆమెకిచ్చి పక్కకు జరిగింది. మగవాళ్ళ వైపు నుంచి చూస్తున్న నేను వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టుకున్నాను. ఇరవై మూడోది పెద్దమ్మ తీసుకుంది. మా ఆవిడకి వచ్చింది, దేవుని కోసం ఓపికగా కనిపెట్టుకొని ఉండమనే మాట.

ఇంటికొచ్చి కార్డు నా ముందు పెట్టింది. "ఆగమన్నాడు. చూశావా?"

నేను పేర్చిన కట్ట అది అని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. చెబితే నా పేరు పోతుంది. మూడు రోజులు ఆ గడ్డతో ఆమెను అలాగే ఉండనిచ్చాను.

నాలుగో రోజు పెద్దమ్మ మా గడపలో కర్ర ఆనించింది.

"ఏమే, దేవుడు నన్ను ప్రయాణం కట్టమన్నాడే! ముందు ఆయన నడుస్తాడంట. ఈ మోకాళ్ళేసుకుని నేనేడకి పోను? మూడు రోజుల్నుంచీ ఇదే ఆలోచన. నువ్వు గుంటూరు పోవాలంట గదా. పద, నేనూ వస్తా."

"నాకు కనిపెట్టుకొని ఉండమని వచ్చింది పెద్దమ్మా."

"అంటే ఇంట్లో కాళ్ళు ముడుచుక్కూకోమనా? బస్సులో కూకుని కనిపెట్టు!"

మా ఆవిడ ఫక్కున నవ్వింది. ఆ మర్నాడే బయల్దేరాం.

బస్సులో నేను వాళ్ళ వెనక సీట్లో కూర్చున్నాను. పెద్దమ్మ కార్డును గుప్పిట్లో పట్టుకుని ఉంది. నరసరావుపేట దాటాక ఇక ఆగలేక అంతా చెప్పేశాను. ఇద్దరూ వెనక్కి తిరిగారు.

"ఒరేయ్, ఈ మాట నువ్వు రాశావంట్రా?"

"లేదు పెద్దమ్మా."

"మరి ఆయన మాట ఆయన్ని చెప్పుకోనీవేం? నువ్వెవడివిరా మధ్యలో?"

మా ఆవిడ చీటీ ఉన్న సంచి ఒళ్ళోకి లాక్కుని కిటికీ వైపు తిరిగింది. పత్తి చేలు, పండుబారిన మిరప తోటలు చాలా దూరం వెనక్కి పోయాక అంది, "కార్డు సంగతి పోనీ. మూడు రోజులు నన్ను చూస్తా ఎట్టా ఊరుకున్నావు?"

గుంటూరులో దిగాక సంచి నేనందుకోబోతే ఇవ్వలేదు.

గడ్డ మంచిది కాదని తేలింది. ఆలస్యం చేయకుండా తీసుకొచ్చారని డాక్టరు నన్నే మెచ్చుకున్నాడు. పెద్దమ్మ వింటూ ఉంది, నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఆపరేషనైంది, మందులు వాడింది, మళ్ళీ జుట్టు వస్తోంది.

ఈసారి కార్డుల కట్ట విప్పకుండానే పాస్టరు అయ్యగారికి అప్పగించాను, ఎందుకో కూడా చెప్పాను. జనవరి ఒకటిన మగవాళ్ళ మధ్య నా చోట్లో కూర్చున్నాను. పళ్ళెం నా ముందుకొచ్చింది. పైనున్న కార్డు మీద ఏముందో నాకు తెలియదు. తీయడానికి చెయ్యి చాచాను. గోడ పక్క నుంచి మా ఆవిడ నా చేతినే చూస్తోంది.